తెర చాటు గది

గురువారం మధ్యాహ్నం డాక్టర్ రంగయ్య బేస్‌మెంట్‌లోకి దిగి, చనిపోయిన కూతురు చరిత నడిపిన కంప్యూటర్ తీగను గోడలోంచి లాగేశాడు. కిందటి వారం మనం ఆయన్ని అక్కడే వదిలి వచ్చాం. ఆ యంత్రంలో ఉన్నది 'పెరడు' అనే చోటనీ, దేశదేశాల తెలుగువాళ్లు అందులో కబుర్లాడుకుంటారనీ ఆయనకు ముందే తెలుసు. అందులో పెద్దవాళ్లకు మాత్రమే తెరుచుకునే గది ఒకటి ఉందనీ, అక్కడ ఒంటిమీద బట్టలేని బొమ్మలు కూడా ఉంటాయనీ మాత్రం తెలియదు. ఆ సంగతి చెవిన వేసినవాడు గుంటూరు చదువుల నాటి స్నేహితుడు వెంకటేశ్వర్లు. "వచ్చే ఆదివారం చరిత సంవత్సరీకం. నీ ఇంట్లో నలుగురూ దిగుతారు. పిల్ల పేరు నలుగురి నోళ్లలో పడకముందే ఆపించెయ్యి," అన్నాడు. రంగయ్య ఆపేశాడు. భార్య జానకీదేవికి చెప్పలేదు.

ఆపింది మొదలు ఇంట్లో ఏదో తగ్గింది. ఆ యంత్రం సన్నని హోరు హీటింగ్ గొట్టాల్లోంచి పైకి పాకి, ఏడాదిగా పడకగదిలో వినబడుతూనే ఉండేదని, అది లేకుండా పోయాకే ఆయనకు తెలిసింది. శుక్రవారం పొద్దున కాఫీ అందిస్తూ జానకీదేవి, "ఇల్లు బావురుమంటోంది ఎందుకో," అంది. అని ఊరుకోక ఆయన మొహంలోకి చూస్తూ కాసేపు నిలబడింది. ఆయన పేపరు తిరగేశాడు.

శనివారం పొద్దున ఆవిడ ఎనిమిది రోజుల్లో రానున్న సంవత్సరీకం వంటల సంగతి మాట్లాడడానికి గుడికి వెళ్లింది. కారు వీధి మలుపు తిరిగిందో లేదో డోర్‌బెల్ మోగింది.

గుమ్మంలో ఒక అమ్మాయి. వాళ్లుండే షామ్‌బర్గ్ ఊరి చలికి ఏ మూలకూ చాలని పల్చటి కోటు, భుజాన బ్యాగు, మంచుకు తడిసిన గుడ్డ బూట్లు.

"రంగయ్య అంకులేనా? నా పేరు నిధి. చరితక్క ఫ్రెండ్‌ని. హెర్న్‌డన్ నుంచి పొద్దున ఫ్లైట్‌కి వచ్చిన."

చరితను సాగనంపిన రోజు వచ్చినవాళ్లలో ఈ మొహం ఉన్నట్టు ఆయనకు గుర్తులేదు. అయినా చరిత పేరు చెప్పిన మనిషిని గుమ్మంలో నిలబెట్టలేకపోయాడు.

"లోపలికి రామ్మా. చెప్పకుండా వచ్చావే?"

"కాల్స్ చేసిన అంకుల్. మీరు స్పామ్ అనుకున్నట్టున్నరు." వంగి బూట్లు విప్పుతూ అంది. "గురువారం మెషీన్ ఆగిపోయింది. మీ దిక్కు కరెంటు పోయిందేమో అనుకొని వెదర్ చూసిన. మంచిగ ఎండ కొడుతుందని చూపించింది." తలెత్తింది. "మీరే ఆపిన్రా?"

రంగయ్యకు అబద్ధం చేతకాదు. జీవితమంతా పెథాలజిస్టుగా పనిచేశాడు. గాజుపలక మీద ఉన్నది ఉన్నట్టు రాయడమే ఆయన వృత్తి.

"నేనే ఆపాను."

"కింద బ్యాటరీ పెట్టె ఉండాలె కదా. తీగ గుంజితే అరుస్తది అది."

"అరిచింది," అన్నాడు.

తీగ ఊడగానే ఆ బ్యాటరీ పెట్టె ఆగి ఆగి కూయసాగింది. ఆస్పత్రిలో చరిత మంచం పక్కన విన్న కూత లాంటిదే. అది సన్నగిల్లి ఆరిపోయేదాకా ఆయన బేస్‌మెంట్ మెట్టు మీద కూర్చునే ఉన్నాడు. ఆ ముక్క ఈ అమ్మాయికి చెప్పలేదు.

వంటింట్లో కూర్చోబెట్టాడు. కాఫీ పొడి డబ్బా ఏ అరలో ఉంటుందో ఆయనకు తెలియదు కాబట్టి మంచినీళ్లిచ్చాడు.

"నువ్వూ ఆ గది చూసే మనిషివేనా అమ్మా?" అన్నాడు చివరికి, గ్లాసు వైపు చూస్తూ.

"చూసుడే నా పని అంకుల్. మాడరేటర్‌ని, తప్పువి తీసేసేదాన్ని. పగలంత ఆఫీస్‌ల బ్యాంకు సాఫ్ట్‌వేర్ చూస్త. ఇంటికొచ్చి లోకం పెట్టే చెత్త చూస్త. రెండోదానికి జీతం రాదు."

"చదువుకున్న పిల్లవి. ఇదేం సేవ?"

"చరితక్క గూడ మొదట్ల నన్ను ఇదే అడిగింది." నిధి నవ్వబోయి మానేసింది. "మీరు ఆ గది తెరిచి చూసిన్రా, ఎవరన్న చెప్తే ఆపిన్రా?"

"ఒక్కసారి తెరిచాను. మొదటి ఫోటోకే మూసేశాను."

"ఏముండె అందుల?"

"ఒకావిడ. నడుం పైన బట్ట లేదు. ఎడమ రొమ్ము ఉండవలసిన చోట ఆపరేషన్ మచ్చ."

మచ్చ శుభ్రంగా మానిందని, కుట్టినవాడి చెయ్యి మంచిదని ఆయన కన్ను ముందు గమనించింది. సిగ్గు ఆ తర్వాత వచ్చింది. వచ్చాక ఇంకేమీ చూడనివ్వలేదు.

"ఆమె ఫోటో ఆమెనే పెట్టుకున్నది. వేరే సైట్లన్నీ తీసేసినయి, బూతు అని. ఇక్కడ పెట్టుకుంటే అక్క ఉండనిచ్చింది. దాని కింద ఆడవాళ్లు ఏం రాసిన్రో చదివిన్రా?"

"లేదు."

"అన్నీ అట్లాంటివే అని చెప్తే అబద్ధమైతది. ఇంకొన్ని చూస్తే మీరు తీగ కాదు, గోడనే పీకేద్దురు. కానీ అక్కది ఒకటే రూల్ అంకుల్. నీది నువ్వు పెట్టుకో, ముంగట తెర వేసి పెట్టుకో. చూడాలనుకున్నోళ్లే తెర తీసుకుంటరు. ఇంకొకరిది వాళ్లను అడగకుండ పెట్టినవో, బయటికి నడువు."

"సరే తల్లీ. ఇప్పుడు మొత్తం ఆగిపోయింది. మంచీ లేదు, చెడ్డా లేదు. ఆ గొడవ ఇంతటితో పోయింది."

"పోలేదు అంకుల్. అందుకే ఉరికొచ్చిన."

ఆమె గ్లాసు పక్కకు జరిపి, చెయ్యి బల్ల మీద బోర్లా పెట్టింది.

"సన్నీవేల్‌ల ఇషా అని ఒక అమ్మాయి ఉంది. ఎంగేజ్‌మెంట్ అయినంక ఆ అబ్బాయితోని తెగిపోయింది. నమ్మినప్పుడు పంపిన ఫోటోలు అతని దగ్గర ఉండిపోయినయి. మొన్న బుధవారం వాటిని మన గదిల పెట్టిండు. దొంగ పేరుతోని. ఆమె మొహం కనబడేటట్టు."

రంగయ్య పెదవులు బిగిశాయి. "తీసేశారా?"

"గురువారం పొద్దున చూసిన, చూసిన వెంటనే తీసేసిన. కానీ మన దగ్గర తీసేస్తే అయిపోదు. పెరడు లాంటివి వేరేవాళ్ల ఇండ్లల్ల గూడ ఉంటయి. మన దగ్గర ఒకటి పెడితే దాని కాపీ వాటన్నింటికీ పోతది. తీసేసినప్పుడు మన మెషీన్ మళ్లా వాటన్నింటికీ కబురు పంపాలె, నేను తీసేసిన, మీరూ తీసెయ్యుండ్రి అని. ఆ కబురు మీద మన మెషీన్ సంతకం లేకుంటే అవి నమ్మవు. నేను చెప్పినా నమ్మవు, ఇషా ఏడ్చి చెప్పినా నమ్మవు. గురువారం మధ్యాహ్నం ఆ కబుర్లు ఒక్కొక్కటే పోతున్నయి." గొంతు తగ్గించింది. "సగంల ఆగినయి."

క్యాన్సర్ మూలం కోసేసినంత మాత్రాన పాకింది పోదు. ఈ సంగతి ఆయన ఎందరు సర్జన్లకు ఫోన్లో చెప్పి ఉంటాడో. వద్దన్నా వినకుండా కూతురి రక్తాన్ని తానే మైక్రోస్కోప్ కింద పెట్టుకుని చూసిన రోజున, తల ఎత్తకుండా తనకు తాను కూడా చెప్పుకున్నాడు. అంత తెలిసినవాడు, గోడలోంచి ఒక తీగ లాగి, అంతా శుభ్రమైపోయిందని మెట్లెక్కి వచ్చేశాడు.

"స్ప్రెడ్ అయిందన్నమాట," అన్నాడు.

"అవును అంకుల్. ఇప్పుడు వాడు ఆ వేరే చోట్ల ఉన్న లింకులు తీసి, ఇషా ఆఫీస్‌ల పనిచేసేటోళ్లకు ఒక్కొక్కరికి పంపుతున్నడు. ఆమె ఆఫీస్‌కి పోతలేదు. ఫోన్ ఎత్తుతలేదు. మనం కబురు పంపితే ఆ లింకులు ఖాళీ అయితయి. అన్నీ కావు, మొండోళ్లు కొందరుంటరు. కానీ చాలా వరకు పోతయి."

రంగయ్య లేచాడు. "పద. తీగ పెట్టడమే కదా."

నిధి లేవలేదు. "పెట్టంగనే అది పాస్‌వర్డ్ అడుగుతది. చిన్నది కాదు, ఒక పెద్ద వాక్యం. ఆగిన ప్రతిసారీ అది చెప్తేనే లేస్తది. అక్క పోయినంక ఆ మెషీన్ ఒక్కసారి గూడ ఆగలేదు అంకుల్, అందుకే ఎవరికీ అవసరం పడలేదు. నాకు తెల్వదు. మీకు తెలుసు కదా అని వచ్చిన."

"నాకెలా తెలుస్తుంది?"

"అక్క పేరుతోని జవాబులు రాసేది మీరే కదా?"

లేచిన మనిషి మళ్లీ కూర్చున్నాడు.

"ఎవరి పేరుతో?" అన్నాడు రంగయ్య.

నిధి ఆయన మొహం చూసి వెనక్కి జరిగింది. "మీరు కాదా?"

"నా కూతురు పోయి ఏడాది కావస్తోంది. దాని పేరు పెట్టుకుని ఎవరు రాస్తున్నారు? నువ్వా?" గొంతు తానే గుర్తుపట్టనంత పెద్దదైంది. "బతికున్నన్నాళ్లు మీ చెత్త ఎత్తించుకున్నారు. పోయాక కూడా వదలరా దాన్ని?"

"నేను నా పేరుతోనే రాస్త అంకుల్. ప్రామిస్." ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి కానీ మాట తొణకలేదు. "ఎవరన్న కంప్లైంట్ చేస్తే మెషీన్ దానంతట అదే ఒక మెసేజ్ పంపుతది. అక్క పెట్టిందే. 'చూశాను. నేనున్నాను. చరిత' అని. అక్క పోయినంక తీసేద్దామని కూర్చున్న. చెయ్యి రాలేదు. అది నా తప్పే. కానీ దాని తర్వాత వచ్చేవి మెషీన్ రాసేవి కాదు. ఇది చూడుండ్రి. ఇషా నాకు పంపింది."

ఫోన్ ఆయన ముందుకు తోసింది. రంగయ్య కళ్లజోడు సర్దుకున్నాడు.

'అక్కా, ఉన్నావా? నాకు భయంగా ఉంది' అని ఆ పిల్ల రాసింది. కింద చరిత పేరు, చరిత ఫోటో. చిన్న జుట్టుతో, వెక్కిరిస్తున్నట్టు నవ్వే ఆ ఫోటో. దాని పక్కన జవాబు: 'ఉన్నాను. ముందు ఏమైనా తిను. తలుపు గడియ వేసుకున్నావా? తర్వాత మాట్లాడుకుందాం.'

చరిత ఎవరినీ తిన్నావా అని అడిగే పిల్ల కాదు. తన తిండే తనకు గుర్తుండేది కాదు. ఆ మాట ఎక్కడ విన్నాడో లోపలెక్కడో తెలుస్తూనే ఉంది. తెలిసినదాన్ని పైకి రానివ్వడానికి ధైర్యం చాలలేదు.

"పద," అన్నాడు మళ్లీ. ఈసారి నెమ్మదిగా.

బేస్‌మెంట్‌లో చుట్టాల కోసం పరుపులు వరసగా వేసి ఉన్నాయి. వాటి చివర, గోడ మూల, చరిత బల్ల. కుర్చీ వీపున ఆమె శాలువా. ఏడాదిగా దాన్ని ఎవరూ కదపలేదని రంగయ్య అనుకుంటున్నాడు. ఇప్పుడు చూస్తే అది నీటుగా మడిచి ఉంది.

తీగ గోడకు పెట్టాడు. పచ్చ దీపం వెలిగింది. ఆ సన్నని హోరు మొదలై గది నిండింది. నల్లటి తెర మీద ఒకే ఒక వరస, పక్కన మిణుకుమంటున్న చిన్న గీత. ఎవరైనా ఏదైనా చెప్పేదాకా కదలనన్నట్టు నిలబడింది.

నిధి తనకు తోచినవన్నీ కొట్టింది. రంగయ్య చరిత పుట్టినరోజు చెప్పాడు.

"పుట్టినరోజు పెట్టే మనిషి కాదు అంకుల్ అక్క. మాకు క్లాసు పీకేది, అట్ల పెడితే."

చిన్నప్పటి కుక్క పేరు చెప్పాడు. అదీ కాదు. తన కూతురు మనసులో దాచుకునే వాక్యం ఎలా ఉంటుందో ఊహించడానికి ఆయన దగ్గర ఆధారమే లేదు.

పైన గరాజ్ తలుపు లేచిన చప్పుడైంది.

"జానకి వచ్చేసింది," అన్నాడు గబగబా. "ఆవిడకు ఇదేమీ తెలియకూడదమ్మా. ఆ గదీ అవీ అసలు తెలియకూడదు. తట్టుకోలేదు."

అడుగులు వంటిల్లు దాటి, బేస్‌మెంట్ తలుపు దగ్గర ఆగాయి. తలుపు తెరుచుకుంది. జానకీదేవి పై మెట్టు మీద నిలబడి, కళ్లు మూసుకుని కాసేపు విన్నది.

"చప్పుడు మళ్లీ వచ్చింది," అంది.

ఒక్కో మెట్టూ దిగింది. చేతిలో గుడి పులిహోర డబ్బా. భర్త వైపు చూడలేదు. నేరుగా ఆ అమ్మాయి దగ్గరకు వెళ్లింది.

"నిధివి కదూ? ఫోటోలో కంటే చిక్కావు. తిన్నావా అమ్మా?"

నిధి రెండు చేతులతో మొహం కప్పుకుంది. రంగయ్య భార్య వైపు తిరిగాడు.

"నువ్వా జానకీ?"

"జరగండి," అందావిడ. డబ్బా ఆయన చేతిలో పెట్టి, వంగి, కీబోర్డు మీద వేళ్లు పెట్టింది. వేళ్లు కదులుతున్నంత సేపూ పెదవులు కదిలాయి. పూజలో నామాలు చదువుకునేటప్పుడు కదిలినట్టే. ఏ మాటలో ఆయనకు వినబడలేదు. నల్లటి తెర మీద వరసలు పరుగెత్తసాగాయి.

"లేచింది!" నిధి కళ్లు తుడుచుకుంటూ తన ల్యాప్‌టాప్ లాక్కుని పరుపు మీద కూలబడింది.

"గురువారం నుంచీ మీరే చెప్తారని చూస్తున్నాను," అంది జానకీదేవి. "చెప్పలేదు."

"నువ్వు ఏడాది నుంచీ చెప్పలేదు."

"చెప్తే మీరు ఆపేసేవారు. ఆపేశారు కూడా." ఆవిడ గొంతులో కోపం లేదు. "చరిత ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఒకనాడు గాలివానకు మనింట్లో కరెంటు పోయింది. మీరు డాక్టర్లతో మాట్లాడుతున్నారు. నేను బట్టల కోసం ఇంటికి వచ్చాను. ఫోన్లో ఒక్కో మాటా చెప్తూ నా చేత కొట్టించింది. ఇది ఎవరికీ చెప్పకు అంది. చెప్పలేదు. పోయాక ఒకరోజు, దాని మాటలు ఏమైనా మిగిలి ఉన్నాయేమో చూద్దామని ఐప్యాడ్‌లో తెరిచాను. ఎవరో పిల్ల, 'అక్కా, ఉన్నావా?' అని అడిగి ఉంది. లేదని ఎలా రాయను చెప్పండి?"

రంగయ్య మెట్టు మీద కూర్చున్నాడు. మొన్న కూర్చున్న మెట్టే.

"ఆ బొమ్మలన్నీ చూశావా?"

"చూశాను. మొదట్లో వెంటనే మూసేసేదాన్ని. తర్వాత అలవాటైంది. మీరు కోసి చూసినవారు, నేను కని పెంచినదాన్ని. మనిద్దరికీ ఒంటిని చూసి సిగ్గేమిటి? సిగ్గుపడవలసినవాళ్లు వేరే ఉన్నారు."

"పోతున్నయి ఆంటీ!" నిధి తెర మీంచి కళ్లు తీయకుండా అరిచింది. "కబుర్లు పోతున్నయి. చూడుండ్రి, ఈ లింకు ఇందాక తెరుచుకున్నది. ఇప్పుడు ఖాళీ. ఇది గూడ ఖాళీ."

రంగయ్య వంగి చూశాడు. తెల్లటి పేజీ. అక్కడ ఒక ఆడపిల్ల మొహం ఉండేదన్న గుర్తు కూడా లేదు. ఇంత మంచి తెలుపు ఆయన ఏ స్లైడ్ మీదా చూడలేదు. నిధి మరొకటి తెరిచింది. అదీ తెలుపే. ఆ తర్వాతది మాత్రం తెరుచుకుంది. ఆమె చప్పున చెయ్యి అడ్డం పెట్టింది. "ఈ మెషీన్ నడిపేటోడు వినడు. వీని సంగతి వేరే చూడాలె."

జానకీదేవి భర్త పక్కన మెట్టు మీద కూర్చుంది. "వెంకటేశ్వర్లు గారు మీకు ఎప్పుడు చెప్పారు?"

"ఆయనే చెప్పాడని నీకెలా తెలుసు?"

"ఎప్పుడు చెప్పారండీ?"

"బుధవారం సాయంత్రం. ఫోన్ చేశాడు."

"ఆయనకు కంప్యూటర్ తెరవడమే రాదు. ఎవరు చెప్పారట?"

"వాళ్ల అబ్బాయి విశాల్. సన్నీవేల్ నుంచి..." ఆ ఊరి పేరు నోట్లోంచి వచ్చాక రంగయ్య ఆగిపోయాడు. ఎంగేజ్‌మెంట్ అయ్యాక ఆగిపోయిన విశాల్ పెళ్లి. పాపం కుర్రాడు దిగులు పడ్డాడని తామిద్దరూ ఫోన్ చేసి ఓదార్చిన సంగతి గుర్తొచ్చింది. 

"ఇషా నిధికి ఆ అబ్బాయి పేరు చెప్పలేదు," అంది జానకీదేవి. "చరితకు చెప్పింది."

నిధి ల్యాప్‌టాప్ మీంచి మెల్లగా తలెత్తింది. "బుధవారమే పెట్టి, బుధవారమే ఆపమని చెప్పించిండా? మెషీన్ ఆగితే తీసేసే కబుర్లు పోవని తెలిసినోడే..."

"వచ్చే ఆదివారం," జానకీదేవి అంటోంది, "చరిత పటానికి దండ వేసి, మన పక్కన భోజనానికి కూర్చునేది వాళ్లే."

విశాల్ నిరుడు చరితను సాగనంపిన రోజున రంగయ్య భుజం పట్టుకుని నడిపించుకు వచ్చాడు. ఆ చెయ్యి బరువు భుజం మీద ఇప్పుడు తెలుస్తోంది.

బల్ల మీద టంగుమని చిన్న శబ్దం. చరిత పేరుకు కొత్త మెసేజ్. ఎక్కడిదో వేరే యంత్రం నుంచి, ఎన్నడూ వినని కొత్త పేరుతో. నిధి చదివి, ఇంకో మాట లేకుండా పక్కకు జరిగింది.

'చరిత చచ్చిపోయింది. నేను దగ్గరుండి చూశాను. నువ్వెవరు?'

జానకీదేవి లేచి వెళ్లి కూతురి కుర్చీలో కూర్చుంది. శాలువా భుజాన వేసుకుంది. వేళ్లు కీబోర్డు మీద ఆన్చి, వెనక్కి తిరగకుండానే అడిగింది.

"ఏం రాయమంటారు?"

ఉన్నది ఉన్నట్టు తప్ప ఇంకోలా రాయడం ఎరగని మనిషి, తెర మీద చరిత ఫోటోలోని నవ్వు వైపు చూశాడు. పక్కన మెట్టు మీద పెట్టిన ఆయన ఫోన్ వెలిగి, వణకడం మొదలుపెట్టింది. దాని మీద వెంకటేశ్వర్లు పేరు.

ఆయన దాన్ని ఎత్తలేదు.

"ఉన్నానని రాయి," అన్నాడు.